కుదురు లేని మనసుకు ఏ చేతిపని? ముగ్గు, అల్లిక, మట్టి, బొంత, రంగుల్లో ఏది ఎవరికి నప్పుతుంది

"ఏదైనా చేతిపని పెట్టుకో, మనసు కుదుటపడుతుంది" అని మన ఇళ్లలో అందరూ చెబుతారు. ఏ పని అన్నది మాత్రం ఎవరూ చెప్పరు. దాంతో చాలామంది దుకాణానికి వెళ్లి ఒక కాన్వాసు, డజను రంగు ట్యూబులు, మూడు కుంచెలు కొనుక్కొస్తారు. మొదటి ఆదివారం ఒక సూర్యాస్తమయం వేస్తారు. అది నచ్చదు. సామానంతా అటకెక్కుతుంది. తమకు కళ అబ్బదని తేల్చుకుంటారు గానీ, పొరపాటు ఎంపికలో ఉంది. ఆలోచనలతో తల వేడెక్కిన మనిషికి ఖాళీ కాన్వాసు ఇవ్వడమంటే ఏం వేయాలి, ఎక్కడ మొదలుపెట్టాలి, ఏ రంగు పూయాలి అని ఇంకో వంద నిర్ణయాలు నెత్తిన పెట్టడమే.

ఇంట్లోనే, పెద్ద ఖర్చు లేకుండా, గురువు అవసరం లేకుండా మొదలుపెట్టగల పనులను ఇక్కడ పోల్చి చూద్దాం. వస్తువు ఎంత అందంగా వచ్చిందన్న లెక్క పక్కన పెడుతున్నాను. చేస్తున్నంతసేపు మనసు ఏ స్థితిలో ఉంటుంది, మధ్యలో ఆపితే ఏమవుతుంది, తప్పు పడితే దిద్దుకోవడం ఎంత సులువు అన్నవే నా కొలతలు.

పరిశోధనలను ఎంతవరకు నమ్మాలి

2016లో అమెరికాలోని డ్రెక్సెల్ విశ్వవిద్యాలయంలో గిరిజా కైమల్ బృందం 39 మంది పెద్దవాళ్లకు మట్టి, మార్కర్లు, కాగితాలు ఇచ్చి 45 నిమిషాలు తోచింది చేయమంది. ముందూ తర్వాతా వాళ్ల లాలాజలంలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోనును కొలిచింది. సుమారు 75 శాతం మందిలో అది తగ్గింది. బొమ్మలు వేయడంలో అనుభవం ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ ఇందులో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. వార్తలు సాధారణంగా ఇక్కడితో ఆగిపోతాయి. మిగతా పాతిక శాతం మందిలో తగ్గలేదన్న సంగతినీ, పోల్చి చూడడానికి ఊరికే కూర్చోబెట్టిన మరో బృందం లేదన్న సంగతినీ కలిపి చదువుకోవాలి. 2013లో అచ్చయిన ఒక అంతర్జాతీయ సర్వేలో 3,545 మంది ఊలు అల్లేవాళ్లు జవాబులిచ్చారు. తరచుగా అల్లేవాళ్లలో ప్రశాంతంగా ఉంటున్నామన్నవాళ్లు ఎక్కువగా కనిపించారు. అల్లిక ఇష్టమైనవాళ్లే అలాంటి సర్వేకు జవాబిస్తారు కదా. విసుగొచ్చి మానేసినవాళ్ల గొంతు అందులో వినిపించదు.

మన ఎంపికకు నిజంగా పనికొచ్చేది 2005లో నాన్సీ కర్రీ, టిమ్ కాసర్ చేసిన చిన్న ప్రయోగం. 84 మంది కాలేజీ విద్యార్థుల్లో ముందుగా కాస్త ఆందోళన రేకెత్తించి, ఆ తర్వాత వాళ్లను మూడు గుంపులు చేశారు. ఒకరికి రంగులు నింపడానికి మండలం, అంటే గుండ్రటి నమూనా, గీసిన కాగితం, ఇంకొకరికి గళ్ల నమూనా, మూడో గుంపుకి తెల్ల కాగితం. 20 నిమిషాల తర్వాత చూస్తే మండలం, గళ్లు నింపినవాళ్లలో ఆందోళన బాగా తగ్గింది. తెల్ల కాగితం అందుకున్నవాళ్లలో అంతగా తగ్గలేదు. హద్దులు ముందే గీసి ఉండి, లోపల చెయ్యి స్వేచ్ఛగా తిరిగే పని ఆందోళనలో ఉన్న మనిషికి నప్పుతుందన్నమాట. అలాంటి పని తెలుగువాళ్ల వాకిట్లో రోజూ తెల్లవారకముందే జరుగుతూనే ఉంది.

చుక్కల ముగ్గు, కాగితం మీద

ముగ్గుల పుస్తకం తెరిస్తే బొమ్మ కింద "15 చుక్కలు, సందు చుక్క 8 వరకు" అని ఉంటుంది. నడిమి వరుసలో 15 పెట్టి, పైకీ కిందికీ సందుల్లో ఒక్కొక్కటి తగ్గించుకుంటూ 8 దాకా వెళ్లాలి. మొత్తం 169 చుక్కలు. ఒక్క వరుస లెక్క తప్పినా చివర్లో గీతలు కలవవు. పొద్దున ఎవరో అన్న మాటనే తలలో నూరుకుంటూ కూర్చుంటే ఈ లెక్క సాగదు. 169 చుక్కలూ సరిగ్గా పడ్డాయంటే ఆ మాట కాసేపు పక్కకు తప్పుకున్నట్టే.

గీతలు కలిపే ముగ్గు కన్నా మెలికల ముగ్గు ఇంకా మేలు. ఇందులో గీత ఏ చుక్కనూ తాకదు. ఒక చుక్కను ఎడమ పక్క నుంచి చుట్టి, పక్కదానికి కుడి వైపు నుంచి వెళ్లి, అంచు దాకా పోయి మలుపు తిరిగి, తాను నడిచిన దారినే అడ్డంగా దాటుకుంటూ, చివరికి మొదలైన చోటుకే చేరుతుంది. మలుపు దగ్గర ఆలోచిస్తూ ఆగితే పెన్సిల్ గీత అక్కడ లావెక్కి ఊరుకుంటుంది. ఆగకుండా గీయాలంటే కన్ను చేతికన్నా రెండు చుక్కలు ముందు ఉండాలి. మనసు నిన్నటికీ రేపటికీ పరిగెత్తకుండా ఆ రెండు చుక్కల దూరంలోనే తిరుగుతుంది. ఈ గీతల్లోని క్రమం పండితులను కూడా ఆకర్షించింది. 1970ల్లో మద్రాస్ క్రిస్టియన్ కాలేజీలో గిఫ్ట్ సిరోమనీ బృందం ఇలాంటి ముగ్గులకు గణిత సూత్రాలు రాసి పరిశోధన పత్రాలు వెలువరించింది.

కొత్తవాళ్లు 7 చుక్కలు, సందు చుక్క 4 వరకుతో మొదలుపెట్టండి. 37 చుక్కలే, పావుగంట పని. గీతల్లేని నోటుపుస్తకం, పెన్సిల్, రబ్బరు చాలు. వాకిలి ఉంటే నేల మీద వేసుకోవచ్చు కానీ మోకాళ్లు, నడుము ఒప్పుకోవాలి. రాతి ముగ్గుపిండి దుమ్ము ఆయాసం ఉన్నవాళ్లకు పడదు, వాళ్లు తడి బియ్యప్పిండితో వేసుకోవడం మంచిది. సంక్రాంతి పోటీల ముగ్గు సంగతి వేరు. పక్కింటివాళ్లు ఎన్ని రంగులు వేశారో తొంగి చూసే పనిలో ప్రశాంతతకు చోటుండదు.

అల్లిక: ఒక్క పని ఎంచుకోమంటే నా ఓటు దీనికే

క్రోషే అని కొందరు, లేసు అల్లిక అని గోదావరి జిల్లాలవాళ్లు అంటారు. చివర కొక్కెం ఉన్న ఒకే ఒక సూది, ఒక దారపు ఉండ. దీన్ని ముందు నిలబెట్టడానికి నాకున్న పెద్ద కారణం, తప్పు పడితే దారం లాగితే చాలు, విడిపోతుంది. మళ్లీ అదే దారంతో అల్లుకోవచ్చు. ఎంబ్రాయిడరీలో కుట్టు విప్పితే గుడ్డ మీద చిల్లులు మిగులుతాయి. రంగు ఒలికితే ఒలికిందే. రెండు సూదుల ఊలు అల్లికలో ఒక కుట్టు జారితే నిచ్చెనలా కింది వరుసల దాకా ఊడిపోతూ వస్తుంది. క్రోషేలో ఏ క్షణమైనా సూది మీద సాధారణంగా ఒకే ఉచ్చు ఉంటుంది కాబట్టి, కాలింగ్ బెల్ మోగినా కుక్కర్ కూత వేసినా ఆ ఉచ్చును కాస్త పొడుగు లాగి వదిలేసి లేవవచ్చు. చిన్న తప్పుకే తనను తాను తిట్టుకునే స్వభావం ఉన్నవాళ్లకు ఇంతకన్నా అనువైన పని నాకు కనిపించలేదు.

సూది 3 నుంచి 3.5 మిల్లీమీటర్లది, దారం మధ్యరకం మందం ఉన్న కాటన్‌ది తీసుకోండి. మన ఉక్కపోతలో ఊలు ఒళ్లో పెట్టుకోవడం కష్టం. లేత రంగు కొనండి, నల్లదారంలో కుట్లు కనబడవు. మొదటి సాయంత్రం గొలుసు తప్ప మరేదీ అల్లవద్దు. గొలుసు కుట్లన్నీ ఒకే బిగువుతో వచ్చేదాకా అల్లడం, విప్పడం, అల్లడం. తర్వాత వరుసలు. కొత్తవాళ్ల చేతిలో చతురస్రం కాస్తా త్రికోణంగా మారిపోతుంటుంది. ప్రతి వరుసలో చివరి కుట్టు వదిలేయడమే అందుకు కారణం. వరుస ముగిసినప్పుడల్లా కుట్లు లెక్కపెట్టుకుంటే సరిపోతుంది, పైగా ఆ లెక్కింపులోనే ఊపిరి నెమ్మదిస్తుంది.

ఇంత మెచ్చుకున్నాక నరసాపురం గురించి చెప్పకపోతే అన్యాయం. 19వ శతాబ్దంలో మిషనరీల ద్వారా వచ్చిన ఈ అల్లిక నరసాపురం చుట్టుపక్కల వేలమంది ఆడవాళ్ల బతుకుతెరువు అయింది. 2024లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. అక్కడ ముక్కకింత అని లెక్కగట్టి ఇచ్చే తక్కువ కూలికి గంటల తరబడి తలవంచి అల్లే మనిషికి ఇదే సూది మెడనొప్పినీ కంటి మంటనూ మిగులుస్తుంది. అల్లికలో ఔషధగుణమేదో దాగి ఉందనుకోకండి. ఎప్పుడు ఆపాలో అల్లేవాళ్ల చేతిలో ఉన్నప్పుడే అది హాయినిస్తుంది.

అందుకే, నాలుగు ముక్కలు బాగా రాగానే "ఆన్‌లైన్‌లో అమ్ముకోవచ్చు కదా" అనే బంధువుల మాటను నవ్వి దాటవేయండి. ఆర్డరు వచ్చిందంటే గడువు వచ్చినట్టే. ఆదాయం కావాలంటే అది వేరే నిర్ణయం, దాన్ని ఆదాయంగానే లెక్కవేసుకుని తీసుకోవాలి.

మట్టి: కోపానికి, మొద్దుబారిన మనసుకు

లెక్కలూ వరుసలూ పట్టని రోజులుంటాయి. ఒంట్లో కోపం ఉడుకుతున్నప్పుడు సూది పట్టుకుంటే దారం తెగుతుంది. అలాంటప్పుడు మట్టి. పిసకడం, బాదడం, చించడం, మళ్లీ ముద్ద చేయడం ఇవన్నీ అందులో పనిలో భాగమే. ఏదీ అనిపించని స్థితిలో, అంటే ఏడుపూ రాక నవ్వూ రాక కూర్చున్నప్పుడు కూడా చల్లటి తడి మట్టి చేతిని మేల్కొల్పుతుంది. ఇంకో లాభం ఉంది, అది చిన్నదేమీ కాదు: మట్టి చేతులతో ఫోను తాకలేరు.

వినాయక చవితి ముందు దొరికే బంకమట్టి రెండు కిలోలు తెచ్చుకుని, తడిగుడ్డ చుట్టి పాలిథిన్ సంచిలో పెడితే చాలాకాలం మెత్తగానే ఉంటుంది. చిన్న గిన్నె చేయాలంటే ఉండ మధ్యలో బొటనవేలు దించి, తిప్పుతూ గోడలు పలచన చేసుకుంటూ రావాలి. గోడ చిటికెన వేలంత మందం ఉంటే చాలు, ఒకచోట లావు ఒకచోట సన్నం ఉంటే ఆరేటప్పుడు అక్కడే బీట వేస్తుంది. రెండు ముక్కలు అతకాలంటే రెండింటినీ గీరి, నీళ్లలో కలిపిన పలచటి మట్టి రాసి నొక్కాలి. ఎండలో పెట్టకండి, నీడలో మెల్లగా ఆరనివ్వండి. కాల్చే ఆలోచన మొదట్లో వద్దే వద్దు. చేసినదాన్ని మర్నాడు బకెట్లో వేసి కరిగించి మళ్లీ ముద్ద చేసుకుంటే, బాగా రాలేదన్న దిగులుకు ఆస్కారమే లేదు.

ఇబ్బందల్లా శుభ్రం చేసుకోవడం. అపార్ట్‌మెంట్‌లో ఉన్నవాళ్లు మట్టి చేతులను సింకులో కడిగితే గొట్టం పూడుకుపోతుంది. బకెట్లో కడిగి, తేరిన నీళ్లు పారబోసి, అడుగున మిగిలిన మట్టిని కుండీలో వేయండి. రాత్రి పదిగంటలకు ఇదంతా ఎవరు చేస్తారు? కాబట్టి నిద్రపట్టని రాత్రులకు మట్టి పనికిరాదు, సెలవు రోజు మధ్యాహ్నానికి బాగుంటుంది.

బొంత, కుట్టుపని

పాత నేత చీరలు పొరలుగా పరిచి, అంచు నుంచి లోపలికి వరుసలుగా కుట్టుకుంటూ వచ్చే బొంతకు నైపుణ్యం పెద్దగా అక్కర్లేదు. ఓపిక కావాలి, నేల మీద చోటు కావాలి. పోయినవాళ్ల చీరలను అల్మారాలోంచి తీయలేక, పారేయలేక, ఎవరికీ ఇవ్వలేక సతమతమయ్యే ఇళ్లు ఎన్నో. ఆ చీరలతో బొంత కుట్టడం దుఃఖానికి ఒక పని కల్పిస్తుంది. కుట్టేటప్పుడు మాటలు వస్తాయి. ఏ చీర ఏ పెళ్లికి కట్టిందో, ఏ మరక ఎప్పుడు పడిందో చెప్పుకుంటూ ఇద్దరు ముగ్గురు చుట్టూ కూర్చుని చేయగల పని ఈ జాబితాలో ఇదొక్కటే. ఒక్క జాగ్రత్త. మనిషి పోయిన నెలలోపే కత్తెర పట్టకండి. కోయడానికి చెయ్యి రాకపోతే చీరను కోయకుండానే మడతలుగా పరిచి కుట్టవచ్చు, పాతరోజుల బొంతలు చాలావరకు అలాంటివే.

ఎంబ్రాయిడరీలో కాడకుట్టు, గొలుసుకుట్టు వస్తే రుమాలు మూల ఒక తీగ వేసుకోవచ్చు. చూపు బాగా ఉన్నవాళ్లకు హాయి. నలభై దాటి దగ్గరి చూపు తగ్గినవాళ్లకు సూదిలో దారం ఎక్కించడంతోనే చిరాకు మొదలవుతుంది. మగ్గం వర్కు నేర్చుకునేవాళ్లలో ఎక్కువమంది ఉపాధి కోసమే నేర్చుకుంటారు, దాన్ని ఈ పోలికలోకి తీసుకురావడం లేదు.

రంగులు, కలంకారి, పూలమాల

రంగులు ఇష్టమైతే ముందు గీసి ఉన్న బొమ్మల పుస్తకం, రంగు పెన్సిళ్లతో మొదలుపెట్టండి. "అది పిల్లల పని" అని చిన్నచూపు చూడవద్దు, పైన చెప్పిన 2005 ప్రయోగం చేసింది దాన్నే. నీటి రంగులు రెండో మెట్టు. తడి కాగితం మీద రంగు తనంతట తాను పాకడం చూస్తే పట్టు సడలించడం అలవాటవుతుంది, అయితే అంతా తన అదుపులో ఉండాలనుకునేవాళ్లకు మొదట్లో అదే చికాకు. కాన్వాసు చివరి మెట్టు.

శ్రీకాళహస్తి కలంకారి నెమ్మదైన పనికి పరాకాష్ఠ. గుడ్డను కరక్కాయ, గేదెపాలలో నానబెట్టి ఆరేస్తారు. వెదురు పుల్లకు ఊలు గుడ్డ చుట్టి, దాన్ని వేళ్లతో నొక్కితే రంగు దిగేలా కలం చేస్తారు. తుప్పు పట్టిన ఇనుమును బెల్లం నీళ్లలో రోజుల తరబడి పులియబెడితే కసిమి అనే రంగునీరు వస్తుంది. అది కరక్కాయ పట్టిన గుడ్డను తాకినచోట నల్లబడుతుంది. ఉద్యోగ విరమణ చేసి, తీరికా ఓపికా ఉన్నవాళ్లకు ఇది ఏళ్లకు సరిపోయే పని. ఆందోళనలో ఉన్నవాళ్లు దీంతో మొదలుపెట్టకూడదు. ఫలితం కోసం అన్ని రోజులు ఆగడం వాళ్లవల్ల కాదు.

రోజూ పది నిమిషాలకు మించి దొరకదంటారా? అరటినారతో పూలమాల కట్టండి. నేర్చుకోవడం ఒక్క పూట, వాసన అదనం.

మరి ఎవరికి ఏది

నిద్ర రాని రాత్రి మంచం పక్కన అల్లిక ఉండాలి, తెలిసిన నమూనానే ఉండాలి. కొత్త నమూనా నేర్చుకుంటూ కూర్చుంటే ఉన్న నిద్ర కూడా పోతుంది. పరీక్షలకు చదివే పిల్లలకు 37 చుక్కల మెలికల ముగ్గు బాగా పనికొస్తుంది, గంటసేపు లాగదు. వేళ్ల కీళ్లు నొప్పి పెట్టే పెద్దవాళ్లకు సన్న సూదులు ఇవ్వకండి. మెత్తటి గోధుమపిండి ముద్దతో బొమ్మలు, లేదంటే 6 మిల్లీమీటర్ల లావు సూది, మందపాటి దారం. పాకే పిల్లలున్న ఇంట్లో సూదులూ కొక్కేలూ నేల మీద వదిలే పనులు కొన్నాళ్లు వాయిదా వేసి, నోటుపుస్తకం, పెన్సిల్‌తో సరిపెట్టుకోవాలి.

అమెరికాలో పిల్లల దగ్గరికి ఆరు నెలలకు వెళ్లే అమ్మానాన్నలకు ఈ ఎంపిక మరీ ముఖ్యం. పొద్దున అందరూ పనికి వెళ్లాక కారు తోలడం రాక, బయట మంచు కురుస్తుంటే, టీవీ ముందు పగలంతా గడపడం ఎంత కష్టమో వాళ్లకే తెలుసు. కార్పెట్ ఇంట్లో మట్టి, ముగ్గుపిండి కుదరవు. అల్లిక సామాను చిన్న సంచిలో పడుతుంది. ఊలు అల్లికకు అక్కడి చలే సాయం, మనవరాలికి టోపీ సిద్ధం. నాన్నగారికి మెలికల ముగ్గుల నోటుపుస్తకం ఇచ్చి చూడండి. లెక్కలంటే ఇష్టమున్న మనిషైతే మీరు ఊహించనంతగా అందులో మునిగిపోతారు. మగవాళ్లకు ఇవేం పనులు అని ఆయన సంకోచిస్తే, పోచంపల్లి, మంగళగిరిలో మగ్గం మీద కూర్చునే మగవాళ్లను గుర్తుచేయండి.

ఏ పని ఎంచుకున్నా వీడియో ముందు పెట్టుకుని చేయవద్దు. ఒకసారి చూసి, మెట్లు కాగితం మీద రాసుకుని, ఫోను వేరే గదిలో పెట్టండి. లేకపోతే మూడో కుట్టు దగ్గర ఎవరిదో సందేశం వస్తుంది, అరగంట పోతుంది. చేసిన ప్రతిదాన్నీ ఫొటో తీసి పంచుకోవడం కూడా మొదటి నెలల్లో వద్దు. ఎన్ని లైకులు వచ్చాయన్న లెక్క కొత్త ఆందోళన.

చేతిపని వైద్యానికి ప్రత్యామ్నాయం కాదు. రెండు వారాలకు మించి దిగులు వదలకపోయినా, నిద్ర, ఆకలి తప్పినా, ఇష్టమైన పనులపై కూడా ఆసక్తి చచ్చిపోయినా, బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా డాక్టరును కలవాలి. ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్‌కు 14416 నంబరులో ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు. చికిత్స తీసుకుంటున్నవాళ్లు దాంతోపాటు అల్లుకోవడానికి అడ్డేమీ లేదు.

ఇక సామాను సంగతి. మొదటిసారి మూడు వందల రూపాయలు దాటి ఖర్చు పెట్టకండి. పెద్ద డబ్బా రంగులు, ఇరవై సూదుల సెట్టు కొంటే, ఖర్చు పెట్టాం కాబట్టి చేయాలన్న ఒత్తిడి మొదలవుతుంది. రెండు మూడు వారాలు చూడండి. ఎవరూ చెప్పకుండానే చెయ్యి దానివైపు వెళ్తోందా? అయితే ఇంకో ఉండ దారం కొనండి. వెళ్లడం లేదా, ఆ సూదీ దారం పక్కింటి ఆవిడకు ఇచ్చేసి రెండు కిలోల మట్టి తెచ్చుకోండి.